మూడో జోను

పొద్దుగూకే ముందు గోదాము షట్టర్లకు తాళాలు వేసి, తాళంచెవుల గుత్తి చేతిసంచిలో పెట్టుకుని, సెక్రటరీ ఆత్మారాం స్కూటరు ఎక్కేవాడు. వాచ్‌మన్ దేవయ్య గేటు తీసి పట్టుకునేవాడు. స్కూటరు రోడ్డెక్కి, రైస్‌మిల్లు మూల తిరిగి కనబడకుండా పోయేదాకా గేటు రెక్క వదిలేవాడు కాదు. ఆ తర్వాతే గేటు మూసి, కుంటి కాలు ఈడ్చుకుంటూ షట్టర్ల దగ్గరికి వచ్చేవాడు. ఒక్కో తాళాన్ని పిడికిట్లో పట్టుకుని కిందికి రెండుసార్లు గట్టిగా గుంజేవాడు. రేకు షట్టరు పైనుంచి కిందిదాకా దడదడలాడేది.

ఎదురుగా బాలన్న చాయ్ హోటలు. ఆ చప్పుడుకు అక్కడ ఎవరూ తల తిప్పి చూసేవాళ్లు కారు. చప్పుడు కాని రోజు మాత్రం బాలన్న తలెత్తి, "దేవయ్యకు జరమచ్చిందేమో చూడుండ్రి" అనేవాడు.

బోధన్ నుంచి రెంజల్ పోయే రోడ్డు మీద చెరకు రైతుల సంఘం గోదాము అది. యూరియా, విత్తనాలు, పురుగుల మందు అక్కడే నిలవచేసేవారు. దేవయ్య మొదట బండి తోలేవాడు. గానుగ సీజనులో చక్కెర ఫ్యాక్టరీ బయట చెరకు బండ్ల వరసలో తన బండి చక్రమే తన పాదం మీదుగా పోయింది. ఎముక అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. కోయడానికీ మోయడానికీ పనికిరాని మనిషికి ఏదైనా కూర్చునే పని ఇప్పించమని మెథడిస్టు చర్చి పాస్టరుగారు సంఘంవాళ్లను అడిగారు. అట్లా వచ్చి చేరాడు. గోదాము వెనక ప్రహరీకి ఆనించి వేసిన రేకుల గది ఒకటి ఇచ్చారు. భార్య శారమ్మ ఆఫీసు ఊడ్చేది. ఆ గదిలోనే కూతురు కమలమ్మ పుట్టింది, పెరిగింది, పెళ్లయి ధర్పల్లి వెళ్లింది. ఫ్యాక్టరీ ఆడే నెలల్లో చెరకు మడ్డి వాసన ఆ గదిలోకి వచ్చి, పరుపులకూ గిన్నెలకూ పట్టి, వానలు పడేదాకా పోయేది కాదు.

తొంభై తొమ్మిదో సంవత్సరంలో రెంజల్ వైపు ఎవరిదో గోదాము పగలగొట్టారు. ఆ భయంతో సంఘం కమిటీ అలారం పెట్టించాలని తీర్మానించింది.

పెట్టడానికి నిజామాబాదు నుంచి మార్కండేయ వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి. తండ్రి మగ్గం వదిలేశాడు, తల్లి బీడీలు చుడుతుంది. తను రేడియోలు బాగుచేయడంతో మొదలుపెట్టి, హైదరాబాదులో అలారం పని నేర్చుకుని వచ్చి, బంగారం దుకాణాలకు బిగిస్తున్నాడు. ఆఫీసు గోడకు ఇనుప పెట్టె ఒకటి తగిలించి, మూత తెరిచి ఆత్మారాంకు చూపించాడు. లోపల వరసగా చిన్న దీపాలున్నాయి.

"ఒక్కొక్క దీపం ఒక్కొక్క జోను సార్. మొదటిది ఆఫీసు తలుపు. రెండోది గోదాము లోపల, మనిషి కదిలితె పడతది. మూడోది షట్టర్లు. నాలుగింటికీ అదురు పట్టే డబ్బీలు బిగిస్త. నాలుగోది పెరడు. మీరు పోయేటప్పుడు నంబరు కొడితె అన్నీ మేలుకుంటయి. ఏది కదిలితె ఆ దీపం ఎర్రగయితది, సైరన్ మోగుతది."

"పెరడు మొత్తం పెట్టు. మూల గూడ ఇడవకు" అన్నాడు ఆత్మారాం.

"పెరట్ల వీళ్లుంటున్నరు గద సార్. అవ్వ నీళ్లకు లేచినా మోగుతది."

ఆత్మారాం దేవయ్య వైపు చూశాడు. దేవయ్య వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

"దాచేదేముంది, దేవయ్య ముందలనే చెప్త. మిషిన్ వచ్చినంక వాచ్‌మన్ ఎందుకని కమిటీల మాటొచ్చింది. ఆ రూములో మందు డబ్బాలు పెట్టుకుందమన్నరు. ముసలోళ్లు యాడికి పోతరని నేనే ఆపిన. సరే, కొన్ని దినాలు చూద్దమన్నరు. వీళ్లతోని మిషిన్‌కు తక్లీఫ్ లేకుంటె ఉంటరు. లొల్లి అయిందంటె మాత్రం నా చేతుల ఏం లేదు."

దేవయ్య తల ఊపాడు. లోపల ఊడుస్తున్న శారమ్మ చీపురు ఆగి, మళ్లీ కదిలింది.

మార్కండేయకు తనదైన పద్ధతి ఒకటి ఉండేది. ఎక్కడ బిగించినా ముందు అక్కడి మనుషులు ఎటు నడుస్తారో చూసుకునేవాడు. శారమ్మను కాస్త సున్నం అడిగి, దేవయ్యను నడవమని, వెనకాలే గీత గీసుకుంటూ వెళ్లాడు. గది నుంచి నల్లా దగ్గరికి ఒక గీత. మరుగుదొడ్డికి ఒకటి. గేటుకు ఒకటి.

"కబడ్డీ ఆడిస్తవా బిడ్డా మా ముసలోన్ని?" అంది శారమ్మ.

"ఆడిస్త అవ్వా. ఈ గీతలు దాటకుంటె చాలు, గెలిచినట్టే."

పెరట్లో కదలికను పట్టే నాలుగో జోను కళ్లను ఆ గీతలకు ఇవతల పడకుండా గోడవైపు తిప్పి బిగించాడు. దేవయ్యను పెరడంతా తిప్పి, గీతల మీద నడిచినప్పుడు దీపం వెలగలేదని రెండుసార్లు చూసుకున్నాడు. షట్టర్లను తనే సుత్తి కర్రతో కొట్టి చూశాడు. సైరన్ మోగింది. గోదాము కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి.

"రాత్రిపూట ఇంకేమన్న చేస్తవా తాతా? యాదిచేసుకుని చెప్పు" అని అడిగాడు.

దేవయ్య ఆలోచించాడు. నడక గురించే అడుగుతున్నాడని అనుకున్నాడు.

"గంతే బిడ్డా. తిరుగుత, వచ్చి కూసుంట."

మార్కండేయ సామాను సర్దుకుని బస్సెక్కాడు.

ఆ సాయంత్రం ఆత్మారాం షట్టర్లకు తాళాలు వేశాడు. పెట్టె దగ్గర నంబరు కొట్టి, ఆఫీసు మూసి స్కూటరు ఎక్కాడు. దేవయ్య గేటు దగ్గర నిలబడ్డాడు. స్కూటరు మూల తిరిగింది. దేవయ్య వచ్చి మొదటి తాళాన్ని గుంజాడు.

పగలు పరీక్షకు క్షణం మోగి ఆగిన సైరన్ ఇప్పుడు ఆగకుండా కేక పెట్టింది. చెవులు మూసుకున్నా లోపలికి దూరేది. హోటల్లోంచి జనం పరిగెత్తారు. బాలన్న చేతిలో గంటెతోనే వచ్చాడు.

"ఏం దేవయ్యా, దొంగ దొరికిండా?"

"దొరికిండు. నేనే."

నవ్వారు. దేవయ్య నవ్వలేదు. ఎవరో ఫోను చేస్తే ఆత్మారాం తిరిగి వచ్చి, నంబరు కొట్టి సైరన్ ఆపాడు. అతని వెనకే కానిస్టేబులు.

"ఏమైంది?"

"చెయ్యి తాకింది సార్. తిరుగుతుంటె" అన్నాడు దేవయ్య.

బాలన్న ఏదో అనబోయి, దేవయ్య ముఖం చూసి ఊరుకున్నాడు.

మరుసటి సాయంత్రం దేవయ్య తువాలును చేతులకు చుట్టుకుని వెనక్కి పట్టుకున్నాడు. శారమ్మ పక్కనే నడిచింది. మొదటి షట్టరు దాటారు. రెండోదానికి వేసిన తాళం కొంచెం వంకరగా వేలాడుతోంది. వంకరగా వేలాడితే పడలేదని కాదు, పడిందని కూడా కాదు. దేవయ్య నిలబడ్డాడు. శారమ్మ అతని రెక్క పట్టుకుని లాగింది. అతను నాలుగు అడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చాడు. చెయ్యి తువాలులోంచి ఎప్పుడు బయటికి వచ్చిందో అతనికే తెలియలేదు.

ఈసారి గాలికి షట్టరు కొట్టుకుందని చెప్పాడు. ఆత్మారాం చెట్ల వైపు చూశాడు. ఆకు కదలడం లేదు. కానిస్టేబులుకు కోపం వచ్చింది. "మా సాబ్ తిడుతుండు. ఇంకోసారి మోగితె నిజంగ దొంగలచ్చినా మేం రాం" అన్నాడు.

"మిషిన్ పెట్టినోన్ని పిలిపిస్త" అన్నాడు ఆత్మారాం. తర్వాత దేవయ్యతో, గొంతు తగ్గించి, "మిషిన్‌కు పైసలు కట్టినం, అది వాపసు పోదు. ఇంకోసారి అయిందంటె కమిటీల నేను మాట్లాడలేను దేవయ్యా" అన్నాడు.

ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు దేవయ్య షట్టర్ల వైపే వెళ్లలేదు. గేటు మూసి తిన్నగా గదికి వచ్చి, గోడవైపు తిరిగి కూర్చునేవాడు. శారమ్మ అన్నం పెడితే కలిపి అట్లాగే వదిలేసేవాడు.

"ధర్పల్లి పోదామా?" అంది ఒకరోజు.

"వాళ్లకే ఒక్క అర్ర. అల్లుని తల్లి గూడ ఆడనే పండుతది. మనం యాడ పండాలె?"

వెళ్లడానికి చోటు లేదని శారమ్మకూ తెలుసు. ఆయన చేత ఆ మాట అనిపించడానికే అడిగిందేమో.

మార్కండేయ వచ్చాడు. మూడో జోను డబ్బీలన్నీ విప్పి, తీగలు చూసి, మళ్లీ బిగించాడు. ఎక్కడా తప్పు లేదు. గాలికి మోగే రకం కాదది. ఆత్మారాం అతని పని మంచిది కాదన్నట్టు రెండు మాటలు అన్నాడు. మార్కండేయ మాట పడ్డాడు. ఆ సాయంత్రానికి సైరన్ తీగ విప్పి పెడతాననీ, ఉండి చూసి పోతాననీ చెప్పి, హోటలు బల్ల మీద కూర్చున్నాడు.

తీగ విప్పిన సంగతి దేవయ్యకు తెలుసు. గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. స్కూటరు మూల తిరగగానే, ఆకలిగొన్న మనిషి పళ్లెం దగ్గరికి పోయినట్టు షట్టర్ల దగ్గరికి పోయాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అన్నీ గుంజాడు. నాలుగోది మూడుసార్లు గుంజాడు.

వెనక్కి తిరిగితే గేటు అవతల మార్కండేయ.

"గాలి మంచిగనే గుంజుతుంది తాతా."

దేవయ్య గేటు తీశాడు. ఇద్దరూ గోదాము మెట్టు మీద కూర్చున్నారు.

"ముందుగాల్నే ఎందుకు చెప్పలే?"

"నడిచేది అడిగినవ్. నడిచేది చెప్పిన."

మార్కండేయకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఒక డబ్బీ మూత తీసి, లోపలి మరను చూపించాడు. "దీన్ని తిప్పి మొద్దు చెయ్యొచ్చు. కని నీ గుంజుడుకు మోగకుండ చేస్తె, రేపు గడ్డపార పెట్టినా మోగదు. దానికి నీ చెయ్యి, దొంగ చెయ్యి ఒక్కటే."

"వద్దు. మొద్దు చెయ్యకు."

"ఇంకోటుంది. నంబరు కొట్టినంక బయటికి పోయేటందుకు మిషిన్ కొంచెం టైం ఇస్తది. ఆ టైం పెంచుత. సార్ నంబరు కొట్టంగనె నువ్వు గుంజుకో. గుంజుడయినంక సార్ పోతడు. లొల్లే ఉండదు."

"సార్ ఉండంగనా?"

"ఉంటె ఏమైతది?"

దేవయ్య తన వంకర పాదాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "తాళమేసినోని ముందల తాళం గుంజి చూస్తరా బిడ్డా? మీ అమ్మ అన్నం పెడితె మీ అమ్మ ముందల వాసన చూసి తింటవా?"

అప్పుడు మార్కండేయకు గేటు దగ్గరి నిలబాటు అర్థమైంది. స్కూటరు కనబడకుండా పోయేదాకా ఎందుకు ఆగుతాడో అర్థమైంది.

"సార్ మీద నమ్మకం లేదా మరి?"

"సార్ మీదుంది. తాళం మీద లేదు."

"గీ మాట సార్‌కు చెప్పాలె తాతా. చెప్పకుంటె నేనేం చేసినా మోగుతది. నువ్వు చెప్పకుంటె నేను చెప్త."

"నువ్వు చెప్పకు" అన్నాడు దేవయ్య. "వేరేటోని నోటెంట ఇంటె ఇంకింత కోపమొస్తది. నేనే చెప్త."

మార్కండేయ ఆ రాత్రికి బోధన్‌లోనే ఉండిపోయాడు. పొద్దున ఆఫీసు తెరవగానే పెట్టె మూత తీసి, అటు తిరిగి పనిచేసుకుంటున్నట్టు నిలబడ్డాడు. దేవయ్య బల్ల ముందుకు వచ్చాడు.

"సార్, గాలి గాదు. తాళాలు నేనే గుంజిన."

"ఎందుకు?"

"పడ్డయో లేదో అని."

ఆత్మారాం కలం కింద పెట్టాడు. "మొన్ననా?"

"రోజు గుంజుత సార్. మీరు పోయినంక."

"నేనచ్చినకాడి నుంచా?"

"మీ ముందటి సార్ కాడి నుంచి."

ఆత్మారాం ముఖం ఎర్రబడింది. "ఇన్నేండ్లల్ల నేనేసిన తాళం ఒక్కటన్న పడకుండ దొరికిందా?"

"లేదు సార్."

"మరి? నన్ను పరీక్ష పెడుతున్నవా?"

దేవయ్య తలుపు చెక్కకు చెయ్యి ఆనించాడు. ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాట కాబట్టి మెల్లగా, వెతుక్కుంటూ చెప్పాడు.

"నేను కొత్తగ చేరినప్పుడు సార్, ఒకనాడు పొద్దుగాల సూస్తె తాళం ఊడి ఏలాడుతుంది. కొండి పెట్టిండ్రు గని పడలే. సూస్తె పడ్డట్టే ఉండె. వాకిట్ల నన్ను నిలబెట్టిండ్రు. బస్తాలన్నీ బయటేసి లెక్కవెట్టిండ్రు. ఎండల నిలబడ్డ. రోడ్డు మీద పోయేటోళ్లంత సూసిండ్రు. చర్చి నుంచి పాస్టరయ్య గూడ వచ్చి సూసిండు. ఏం పోలే. అన్నీ ఉన్నయి. ఉన్నయని చెప్పి లోపటికి పోయిండ్రు. తాళం ఎవలు సరిగ్గ ఎయ్యలేదని ఎవ్వరు అడగలే. నన్ను నిలబెట్టినందుకు ఎవ్వరు ఏమనలే. శారమ్మ అప్పుడు కడుపుతోటి ఉండె. అది గూడ నా పక్కకే వచ్చి నిలబడ్డది."

వరండాలో చీపురు చప్పుడు ఆగిపోయింది.

"అప్పటి నుంచి గుంజుతున్న. మీ ముందల గుంజితె మీకు మంచిగనిపియ్యదని మీరు పోయినంక గుంజుత. గంతే సార్."

ఆత్మారాం కుర్చీలోంచి లేచి, కిటికీ దగ్గరికి వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. "పో" అన్నాడు చివరికి. కోపంగా అన్నాడో మామూలుగా అన్నాడో మార్కండేయకు కూడా తెలియలేదు. ఆయన నోటి నుంచి వేరే మాట రాకపోవడం చూసి, మార్కండేయ బయటికి పోయే టైం పెంచి, సైరన్ తీగ కలిపేశాడు.

పగలంతా ఆత్మారాం దేవయ్యను ఏ పనికీ పిలవలేదు. రైతులు వచ్చారు, బస్తాలు తీసుకుని పోయారు. శారమ్మ గదిలో గిన్నెలన్నీ దించి తోమి, ఒక గోనెసంచిలో సర్ది, మళ్లీ తీసి అరుగు మీద పెట్టింది. దేవయ్య చూసి చూడనట్టు ఉన్నాడు.

సాయంత్రం హమాలీలు వెళ్లిపోయాక ఆత్మారాం షట్టర్ల దగ్గరికి వచ్చి పిలిచాడు. తాళం తెరిచి దేవయ్య చేతికి ఇచ్చాడు.

"నేనేస్తె నమ్మకం లేకపాయె. నువ్వే ఎయ్."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంది. దేవయ్య తీసుకున్నాడు. ఇన్నేళ్లుగా మూసిన తాళాన్నే పట్టుకున్న చెయ్యి, నోరు తెరిచిన తాళాన్ని ఎట్లా పట్టుకోవాలో తెలియక తడబడింది. కొండికి తగిలించి నొక్కాడు. టక్కుమంది. ఆత్మారాం తాళంచెవి తిప్పి తీసుకున్నాడు. నాలుగూ అట్లాగే అయ్యాయి.

"ఇగ గుంజుడు లేదు గద. నీ తాళాలే" అంటూ ఆత్మారాం ఆఫీసు వైపు నడిచాడు.

"సార్, జెర ఆగుండ్రి. నంబరు కొట్టకుండ్రి."

ఆత్మారాం వెనక్కి తిరిగాడు. దేవయ్య శారమ్మను పిలిచాడు.

"గుంజు."

"నేనా?"

"ఏసింది నేను. నేనే గుంజితె అది సూసినట్టు గాదు. నువ్వు గుంజు."

"నీ ముందలనా?"

"నా ముందలనే. నాకేం కోపం రాదు."

శారమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. రెండు చేతులతో పట్టుకుని మొదటి తాళాన్ని గుంజింది. చప్పుడు చిన్నగా వచ్చింది. "అట్ల గాదు, గట్టిగ" అన్నాడు దేవయ్య. రెండోది గట్టిగా గుంజింది. ఆమె గుంజుతుంటే దేవయ్య తప్పించుకుని పక్కకు చూడలేదు. తను వేసిన తాళం వైపే, ఆమె చేతుల వైపే చూస్తూ నిలబడ్డాడు. నాలుగూ పడ్డాయి.

ఆత్మారాం ఆఫీసు మెట్టు మీద నిలబడి ఇదంతా చూశాడు.

"పడ్డయా శారవ్వా?"

"పడ్డయి సారు."

లోపలికి వెళ్లాడు. పెట్టె దగ్గర నంబరు కొడుతున్న చప్పుడు వినిపించింది. పెట్టె కీచుకీచుమంటూ టైం లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆత్మారాం బయటికి వచ్చి, ఆఫీసు తలుపు లాగి, తాళం తన చేత్తోనే వేశాడు. వేసి పక్కకు జరిగాడు. మెట్టు దిగలేదు. స్కూటరు వైపు చూడలేదు.

"గుంజు దేవయ్యా" అన్నాడు.

దేవయ్య కదల్లేదు.

"టైం నడుస్తుంది. గుంజు."

దేవయ్య మెట్లెక్కాడు. ఆత్మారాం ముఖం వైపు ఒకసారి చూశాడు. ఆయన ముఖం తిప్పుకోలేదు. దేవయ్య తాళాన్ని పిడికిట్లో పట్టుకుని, కిందికి ఒక్కసారి గుంజి వదిలాడు. లోపల కీచుకీచులు ఆగిపోయాయి, మిషిన్ మేలుకుంది. ఆత్మారాం తల ఊపి స్కూటరు దగ్గరికి నడిచాడు.

ఆ నెల కమిటీలో గది మాట మళ్లీ వచ్చింది. మిషిన్ మేలుకునే ముందు తాళాలు చూసే మనిషి ఉండాలని సెక్రటరీ చెప్పాడు. మందు డబ్బాలు ఆఫీసు వెనక నీడపట్టున పెట్టించారు. దేవయ్య ఇంకా అయిదేళ్లు బతికాడు. ఆ అయిదేళ్లూ సాయంత్రాలు ముగ్గురూ షట్టర్ల దగ్గర నిలబడేవారు. తాళం ఒకరు వేసేవారు. గుంజడం ఇంకొకరి వంతు.